కొలంబోలో కూత పెట్టిన రోజు

ఆ రోజుల్లో మాకు రగ్బీ అంటే ఏమిటో సరిగ్గా తెలియదు. తెలియకుండానే భారతదేశానికి ప్రాతినిధ్యం వహించి వచ్చాం. ఇందులో ఏదో తేడా ఉందని అప్పట్లో మాలో ఎవరికీ తోచలేదు. ఈమధ్య టీవీలో ఒక పెద్దమనిషి, రగ్బీలో ఇంకా పాకుతున్న దేశాలు తమ కుర్రాళ్ళని ఆ ఆట ముదిరిన దేశాల పోటీలకి పంపాలనీ, అక్కడ నాలుగు దెబ్బలు తింటేనే అనుభవం వస్తుందనీ చెబుతుంటే నా కుడి భుజం దానంతటదే సలిపింది. నాలుగు దెబ్బలేం ఖర్మ, మేము కొలంబోలో ఉన్నవన్నీ తినేసి, ఇంకా ఉన్నాయా అని అడిగి మరీ వచ్చాం.

కథ కంకిపాడులో మొదలైంది. మేమంతా కబడ్డీ ఆటగాళ్ళం. మాకొక డ్రిల్లు మాస్టారు ఉండేవారు. నిద్రలో కూడా మెడలో ఈల తియ్యరని ప్రతీతి (వారి భార్యగారు ఈ మాటని ఎప్పుడూ ఖండించలేదు), అందుకని ఈల మాస్టారు అనేవాళ్ళం. ఇంక ఏడాదిలో రిటైరవుతారనగా ఆయన ఏదో శిక్షణకని హైదరాబాదు వెళ్ళి, చంకలో కోలగా ఉన్న బంతితో తిరిగొచ్చారు. "ఒరేయ్, మీకు పట్టుకోవడం వచ్చు, పడెయ్యడం వచ్చు. మీ దగ్గర లేనిది బంతొక్కటే" అన్నారు. బంతిని వెనక్కే విసరాలి, మనిషి ముందుకే పరిగెత్తాలి. అవతలివాళ్ళ చివరి గీత దాటి బంతిని నేలకి ఆనిస్తే దాన్ని ట్రై అంటారు, పాయింట్లు దానికే. "అదేంటండీ, ముందుకెళ్ళాలంటే బంతి వెనక్కియ్యాలా?" అన్నాడు మా బస్తా. (రైసుమిల్లులో బస్తాలు మోసేవాడు, మనిషీ అలాగే ఉండేవాడు.) మాస్టారు కాసేపు ఆలోచించి, "అడక్కు. పరిగెత్తు" అన్నారు. ఆ తర్వాత మేము నేర్చుకున్న రగ్బీ అంతా ఈ రెండు మాటల్లోనే ఉంది.

గ్రౌండు విషయం కూడా చెప్పాలి. దానికి అవతలి చివర రైతులు ధాన్యం ఆరబోసుకునేవాళ్ళు. పొరపాటున పట్టా అంచు మీద కాలు పడిందంటే, కాపలా కూర్చున్న తాత మా ఏడు తరాలనీ పేరుపేరునా పలకరించేవాడు. అందుకని మాస్టారు ఒక శాసనం చేశారు: "ధాన్యం దాకా పోండి, వెనక్కి తిరగండి." మూడు నెలలపాటు రోజూ అదే చేశాం. బంతి చంకలో పెట్టుకుని ధాన్యం దాకా పరుగు, అక్కడ గిరుక్కున తిరగడం, వెనక్కి పరుగు. ట్రై గురించి వినడమే తప్ప ఒక్కరం కూడా పెట్టి ఎరగం.

హైదరాబాదు శిక్షణలో మాస్టారికి కొలంబో నుంచి వచ్చిన కోచ్ ఒకాయన స్నేహితుడయ్యాడు. వాళ్ళ క్లబ్బు ఏటా పెట్టే పోటీలకి కొత్త జట్లని అనుభవం కోసం పిలుస్తారట. పిలుపు కాగితం మీద 'ఇండియా జట్టు' అని ఉంది. అంతే, కంకిపాడు సెంటర్లో ఫ్లెక్సీ లేచింది. ఫ్లెక్సీ కుర్రాడికి రగ్బీ బొమ్మ దొరక్క మా అందరి చేతుల్లో క్రికెట్ బ్యాట్లు పెట్టాడు. మా ఊరి నాయకుడు మాత్రం మా పదిహేనుమందికీ కలిపినంత సైజులో నవ్వుతూ నిలబడ్డాడు. స్టాఫ్‌రూములో "ఏమండీ మాస్టారూ, కబడ్డీ కూడా రాని దేశానికి కబడ్డీ పిల్లల్ని తీసుకెళ్తున్నారంట" అని నవ్వుకున్నారట. బయల్దేరే ముందు మాస్టారు మమ్మల్ని కూర్చోబెట్టి, "గెలవక్కర్లేదురా. ఒక్క ట్రై. నేను రిటైరయ్యేలోగా నా పిల్లలు ఒక్క ట్రై పెట్టగా చూస్తే చాలు" అన్నారు. ఎప్పుడూ అరిచే మనిషి అంత మెల్లగా మాట్లాడేసరికి మాకు భయమేసింది.

జెర్సీల బాధ్యత మా బాబాయిది. మాది మగ్గాల ఇల్లు, బాబాయిది బట్టల కొట్టు. మంచి కుంకుమరంగు నేత బట్టతో కుట్టించి ఇచ్చి, "ముదురు రంగురా, ముందు ఉప్పునీళ్ళలో నానేసి ఆరేసుకోండి" అని మరీమరీ చెప్పాడు. కొత్తబట్ట తడిపి కట్టుకోవడమేమిటి, శుభమా అంటూ మేమంతా బట్టల అంచులకి పసుపు బొట్లు పెట్టి, మడత నలగకుండా సూట్‌కేసులో పెట్టుకున్నాం.

మొదటి మ్యాచ్ గురించి నేను చెప్పను. బస్తా కూడా చెప్పడు. తొలిసారి స్క్రమ్ (రెండు జట్లూ తలలు ఆనించి తోసుకోవడం) కోసం అందరూ భుజాల మీద చేతులు వేసి తలలు దించగానే, చర్చికి క్రమం తప్పకుండా వెళ్ళే బస్తా అది ప్రార్థన అనుకుని కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి ఆకాశం కనిపించిందట. మా స్కోరు సున్నా. వాళ్ళ స్కోరు బోర్డు మీద పట్టింది కానీ, కాస్త ఇరుకైంది.

రెండోది, మాకు ఆఖరుది, వానలో జరిగింది. అవతలివాళ్ళవి తెల్ల జెర్సీలు. పావుగంటలో మా బాబాయి బట్ట తన గుణం చూపించింది. మేము ఎవర్ని పట్టుకుంటే వాళ్ళు కుంకుమరంగులోకి వచ్చారు. ఇంకో పావుగంటకి రెండు జట్లూ ఒకే కొట్లో బట్టలు కొన్నట్టు తయారయ్యాయి. చివరి నిమిషాల్లో నేను ఆయాసం తీర్చుకుంటూ వాళ్ళ వెనకాల ఎక్కడో నిలబడి ఉన్నాను. వాళ్ళవాడొకడు వెనక్కి చూశాడు, ఎర్రగా ఒక ఆకారం కనిపించింది, మనవాడే అనుకుని బంతి విసిరేశాడు. బంతి నా గుండెకి తగిలి చేతుల్లో నిలిచింది. వాళ్ళ గీత వైపు తిరిగి చూస్తే ఖాళీ మైదానం, చివర తెల్ల గీత. ఒక్క పురుగు లేదు.

పరిగెత్తాను. అలవాటుకొద్దీ ఊపిరి బిగబట్టి "కబడ్డీ కబడ్డీ" అంటూ కూత పెట్టాను. వెనకాల మాస్టారు అరుస్తున్నారు. గీత దాటాను. దాటగానే నా కాళ్ళు, మూడు నెలలుగా రోజూ చేసిన పనే చేశాయి. గిరుక్కున తిరిగాయి. గీత తాకి, కూత ఆపకుండా, ప్రాణాలతో ఇంటికి చేరడమే కదా మా ఆట! బంతిని పొట్టకి అదుముకుని, వచ్చిన దారినే వెనక్కి దౌడు తీశాను. నన్ను తరుముతూ వచ్చినవాళ్ళు నోళ్ళు తెరిచి పక్కకి తప్పుకున్నారు. ఎదురొచ్చిన ఒకణ్ణి అరచేత్తో తట్టాను కూడా (అదొక అదనపు పాయింటు అనుకున్నాను). మొత్తం మైదానం దాటి మావైపుకొచ్చి, బంతి రెండు చేతులతో పైకెత్తి నిలబడ్డాను.

 అప్పుడు ఆ జనం నవ్విన నవ్వు చూడాలి. నాకు అది మెచ్చుకోలు అనిపించి వంగి నమస్కారం పెట్టాను. బస్తా నా చెవిలో "ఒరేయ్ వెధవా, బంతి అక్కడ పెట్టాలిరా" అన్నాక గానీ అర్థం కాలేదు. ఆట అయిపోయింది. సున్నా సున్నాగానే ఉంది. మాస్టారు నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ ఏడు ఆయన రిటైరయ్యారు. నేను ఏడాదిపాటు ఆయన వీధి తప్పించి తిరిగాను. గన్నవరం ఎయిర్‌పోర్టులో ఉద్యోగమొచ్చిన సంగతి కూడా చెప్పలేదు. కొలంబోవాళ్ళు మా జట్టుని మళ్ళీ పిలిచారు ("ఆ వెనక్కి పరిగెత్తే కుర్రాణ్ణి కూడా తీసుకురండి" అని రాశారట). నాకు సెలవు దొరకలేదు. ఈసారి బస్తా నలుగుర్ని మోసుకుంటూ వెళ్ళి గీత అవతల దబ్బున పడ్డాడు. ట్రై! ఆ వీడియో నా ఫోనుకి వచ్చింది. ఇంక ఆగలేక బండేసుకుని మాస్టారింటికి వెళ్ళాను.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని మూడుసార్లు చూశారు. నేను అరుగు కిందే నిలబడ్డాను.

"బాగా పడ్డాడురా" అన్నారు.

"అవునండీ. నేనే... ఆ రోజు..."

"నీకు పడమని నేనెప్పుడు చెప్పాను? మూడు నెలలూ వెనక్కి తిరగమనే కదరా నేర్పాను" అన్నారు, ఫోను నా చేతిలో పెడుతూ. "నువ్వు చెప్పింది చెప్పినట్టు చేశావ్. ఆ ముక్క చెబుదామని చూస్తున్నా, నువ్వేమో కనపడవు."

నాకు ఏడుపొచ్చింది. ఆయనకి నవ్వొచ్చింది. కాసేపటికి ఇద్దరం నవ్వాం, ఆయన మెడలో ఈలతో సహా. ఆయన నన్ను మొదటి నుంచీ చెప్పమన్నారు. అక్కడే ఉండి కళ్ళారా చూసిన మనిషే అయినా, చెప్పించుకుని విన్నారు.

ఇప్పుడు రెండు మెట్లెక్కితే ఆయాసపడే ఈ వయసులో ఆ కుర్రాడు అప్పుడప్పుడు గుర్తొస్తాడు. వానలో, ఊపిరి బిగబట్టి, ఆడవలసిన ఆటకి సరిగ్గా ఎదురుదిక్కున పరిగెడుతూ ఉంటాడు. అటు కాదురా అని వాడికి చెప్పాలని నాకు ఒక్కసారీ అనిపించదు. మైదానం ఈ చివర నుంచి ఆ చివరిదాకా, వాడంత సంతోషంగా ఉన్నవాడు ఆ రోజు కొలంబోలో ఇంకొకడు లేడు.