లెవల్ అనే మాట, ఒక నీళ్ళ పైపు

ఇంగ్లీషు పాఠం చెప్పి చెప్పి నాకు ఒక పాడు అలవాటు పట్టుకుంది. ఎవరైనా మాట్లాడుతుంటే వాళ్ళు చెప్పే సంగతి వదిలేసి, మధ్యలో దొర్లిన ఇంగ్లీషు మాట వెంట పడతాను. అది ఎక్కడ పుట్టింది, ఏ దారిన వచ్చింది, మా ఇబ్రహీంపట్నంలో దిగాక ఏం వేషం వేసింది అని కూపీ లాగుతాను. మా ఆయన దీన్ని జబ్బు అంటాడు. పరీక్ష పేపర్లు దిద్దే రోజుల్లో ఈ జబ్బు ఇంకా ముదురుతుందని కూడా అంటాడు.

అట్లా నేను ఏళ్ళ తరబడి వెంటపడ్డ మాట ‘లెవల్’. మా ఊళ్ళో ఈ మాట లేకుండా పూట గడవదు. బస్సు డిపో ముందు చాయ్ తాగేవాళ్ళు కొత్త బండి మీద వచ్చిన దోస్తును చూసి “మస్తు లెవల్ కొడుతుండు” అంటారు, దర్జా ఒలకబోస్తున్నాడని. వెంచర్ ఆఫీసుకు వచ్చినవాళ్ళు ప్లాటు ధర కంటే ముందు, చెరువు నిండితే నీళ్ళ లెవల్ ఎక్కడిదాకా వస్తుందని అడుగుతారు. యాచారం వైపు రైతులు వానల ముందు ట్రాక్టర్ తెప్పించి చెల్క లెవల్ చేయిస్తారు. మా కాలేజీ పిల్లలకు ఇంటర్ లెవల్, డిగ్రీ లెవల్, గ్రూప్స్ లెవల్. దవాఖాన నుంచి వచ్చిన పెద్దమనిషి షుగర్ లెవల్ చెప్పి నిట్టూరుస్తాడు. ఒక్క మాట ఇన్ని కొలువులు చేస్తుంటే చూసి చూసి నేను దానికి అభిమానిని అయిపోయాను.

దాని పుట్టుక చూస్తే ఇంకా ముద్దొస్తుంది. లాటిన్‌లో లిబ్రా అంటే త్రాసు. మన తులారాశికి ఇంగ్లీషులో ఉన్న పేరు అదే. చిన్న త్రాసును లిబెల్లా అనేవాళ్ళు. గోడలు కట్టేవాళ్ళు తమ కట్టుడు సమంగా ఉందో లేదో చూసుకునే పనిముట్టుకు ఆ పేరు పెట్టుకున్నారు. అది ఫ్రాన్సు మీదుగా ఇంగ్లండు చేరేసరికి నోళ్ళలో పడి అరిగి అరిగి లెవల్ అయింది. మొదట పనిముట్టు పేరు. తర్వాత ఆ పనిముట్టు చూపించే సమానత్వం పేరు. ఆ తర్వాత ఎత్తుల పేరు, చివరికి హోదా పేరు. ఇంగ్లీషులో ఈ మాటతోనే తుపాకీ గురి పెడతారు, ఊళ్ళు నేలమట్టం చేస్తారు, దాపరికం లేకుండా మాట్లాడటానికి కూడా దీన్నే వాడతారు. రెండు వైపులా సమానం అని చెప్పడానికి పుట్టిన మాట, ఎవడు పైన ఎవడు కింద అని చెప్పే పనిలో హాయిగా కుదురుకుంది. ఇంత బతకనేర్చిన మాటను నేను ఇంకోదాన్ని చూడలేదు.

ఇదంతా డిక్షనరీలో చూసి మురిసిపోవడమే. ఆ మాట తన మొదటి పని ఇంకా చేస్తూనే ఉందని నాకు ఇల్లు కట్టుకున్నప్పుడు గాని తెలియలేదు.

సాగర్ రోడ్డుకు కొంచెం లోపల ఒక వెంచర్‌లో మాకు చిన్న ప్లాటు ఉంది. మూడేళ్ళ కింద అందులో ఇల్లు మొదలుపెట్టాం. మా ఆయనకు పట్నంలో డ్యూటీ. కాబట్టి కాలేజీ కాగానే కట్టుడు దగ్గర నిలబడేది నేనే. మేస్త్రీది యాచారం దగ్గరి పల్లె. యాభై దాటిన ముస్లిం, తాతల నాటి నుంచి ఆ చుట్టుపక్కల గోడలు కట్టిన కుటుంబం. ఆయనా, ఆయన భార్యా పొద్దున్నే ఆటోలో దిగేవాళ్ళు. ఆయన కట్టేవాడు. ఆమె సిమెంటు కలిపి, ఇటుకలు అందించేది. పక్క ప్లాటు ఒక రైతుది. ఊళ్ళో ఉన్న భూమిలో కొంత అమ్మి ఇక్కడ ఇల్లు కట్టుకోవాలని ఆయన ఆలోచన. రోజూ సాయంత్రం వచ్చి మా గోడలు చూసి, “మేడం ఇల్లు కాంగనే నాదే పట్టాలె మేస్త్రీ” అని చెప్పి పోయేవాడు.

లెవల్ పైపును నేను అక్కడే మొదటిసారి దగ్గరగా చూశాను. వేలు లావున్న పారదర్శకమైన ప్లాస్టిక్ పైపు, పొడుగ్గా ఉంటుంది. దాని నిండా నీళ్ళు పోసి రెండు చివరలూ పైకి పడతారు. మధ్యలో పైపు ఎన్ని మూలలు తిరిగినా, ఇటుకల కుప్ప మీద పడుకున్నా, రెండు చివరల్లోనూ నీళ్ళు ఒకే ఎత్తున నిలబడతాయి. హాల్లో ఒక గీత గీసుకుంటే, నీళ్ళను బట్టి పక్క గదిలో అదే ఎత్తున ఇంకో గీత గీయవచ్చు. కిటికీలు, గడపలు, గచ్చు, అన్నీ ఆ గీతల్ని బట్టే కూర్చుంటాయి. లాటిన్ వాళ్ళ చిన్న త్రాసు మా ప్లాటులో నీళ్ళు నింపుకుని పడి ఉంది. ఆ రోజు నేను నోరు తెరుచుకుని చూస్తూ నిలబడ్డాను.

మామూలుగా రెండో చివర పట్టినవాళ్ళే అక్కడ నీళ్ళు చూసి గీత గీస్తారు. వీళ్ళ దగ్గర ఆ పద్ధతి లేదు. ఆమె తన చివరను హాల్లో గీత పక్కన మేకుకు కట్టి, నీళ్ళు చూస్తూ కేక వేసేది. “జర పైకి... ఇంక జర... ఆగు.” అవతలి గదిలో ఆయన తన చివరను గోడకు ఆనించి కదలకుండా నిలబడేవాడు. ఆమె చెంగు దోపుకుని, ఇటుకలు దాటుకుంటూ ఆ గదికి పోయి, ఆయన చేతిలో పైపు నీళ్ళ ఎత్తున పెన్సిల్‌తో గీత గీసి, మళ్ళీ హాల్లోకి వచ్చేది. రోజుకు ఎన్నిసార్లు అట్లా తిరిగేదో లెక్క లేదు. ఆయన మాత్రం రాజులా నిలబడేవాడు.

నాకు ఒళ్ళు మండింది. అసలే నాది ఆగే నోరు కాదు.

“ఏం మేస్త్రీ, గీత గీసెటందుకు గూడ ఆమెనే రావాల్నా? మస్తు లెవల్ కొడుతున్నవ్.”

ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఆమె నవ్వలేదు. సాయంత్రం ఆయన కాళ్ళూ చేతులూ కడుక్కోవడానికి డ్రమ్ము దగ్గరికి పోగానే ఆమె నా దగ్గరికి వచ్చింది.

“ఆయన మీద కోపం జెయ్యకు మేడం. కండ్లు కనవడ్తలేవు. షుగర్ కండ్లల్లకు దిగింది. దవాఖానల చూపెట్టినం. మనిషి కనవడ్తడు, గోడ కనవడ్తది. పైపుల నీళ్ళు కనవడయి, గీత కనవడది.”

“మరి ఇటుకలెట్ల పెడుతుండు?”

“ఆయన చెయ్యికి ఎరుకనే గదా. దారం వేలితోని తడుముకుంట పెడ్తడు. లెవల్ నేను తీస్త. ఎవ్వలకు చెప్పకు మేడం. తెలిస్తే మల్ల ఎవ్వలు పని ఇయ్యరు. ఇరవై ఏండ్ల సంది సంపాయించుకున్న పేరు.”

చెప్పనని మాట ఇచ్చాను. అంతకు ముందు అన్న మాటకు సిగ్గుతో చచ్చిపోయాను కూడా. ఆ మర్నాటి నుంచి వాళ్ళ పని చూడటమే నా పని అయింది. ఆయన కట్టిన దారాన్ని ఎడమచేతి చూపుడువేలు తాకీ తాకనట్టు తాకేది. ఇటుక దాని కింద సరిగ్గా కూర్చునేది. తాపీతో ఒకసారి కొట్టి, అరచేత్తో నిమిరి, పక్క ఇటుకకు పోయేవాడు. ఒక్క వరస కూడా వంకర పోలేదు. ఆమె అయితే ఇంకా గట్టిది. పైపులో నీళ్ళ అంచు తిన్నగా ఉండదు. గోడలకు కొంచెం ఎగబాకి, నడుమ గుంట పడుతుంది. ఆమె ఎప్పుడూ ఆ గుంట అడుగునే చూసి గీసేది. మా కాలేజీ ల్యాబులో పిల్లలకు ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కని సంగతి ఆమె ఎవరూ చెప్పకుండానే పట్టుకుంది. ఇద్దరి మధ్యా గోడ ఉన్నా, ఆమె గొంతులో “జర” ఎంత పొడుగ్గా పలికితే ఎంత ఎత్తాలో ఆయన చెయ్యికి తెలుసు. చూస్తుంటే నాకు భలే ముచ్చటేసేది.

మెచ్చుకున్నాను, నిజమే. నమ్మాలి కదా మరి. అక్కడే నా బుద్ధి అడ్డం తిరిగింది. పాఠం చెబుతున్నా మధ్యలో అదే గుబులు. చూపు లేని మనిషి కడుతున్న ఇల్లు, బడికి పోని మనిషి గీస్తున్న గీతలు, రేపు వంటింట్లో పోసిన నీళ్ళు హాల్లోకి వస్తే ఏం చెయ్యాలి అని ఒకటే పీకులాట.

గోడలు అయిపోయి, పూతలు పడి, వాటి మీద ఆమె మళ్ళీ గీతలు తీశాక, కాలేజీకి సెలవున్న ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆయన నమాజుకు పోయాడు. ఆమె ఏదో కొనడానికి మార్కెట్‌కు పోయింది. ఇంట్లో నేను ఒక్కదాన్నే. పైపు గోడకు వేలాడుతోంది. దించి, డ్రమ్ములో ముంచి నీళ్ళు నింపి, ఆమె చేసినట్టే ఒక చివరను హాల్లో మేకుకు కట్టి, రెండో చివర పట్టుకుని వంటింట్లోకి పోయాను. నాలుగుసార్లు ఇటూ అటూ తిరిగాక తేలింది ఏమిటంటే, వంటింటి గీత వేలు మందం కిందికి ఉంది.

ఇల్లు ఏమైపోతుందోనని భయమేసింది. దాని వెనకే, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గాని, పొంగిపోయాను. నా అనుమానమే నిజమైంది. అయితే వాళ్ళకు చెబితే నొచ్చుకుంటారు, ఆమె ముఖం చిన్నబోతుంది. అందుకని ఎంతో దయగా తడిగుడ్డతో ఆమె గీత తుడిచేసి, కొంచెం పైన నా పెన్సిల్‌తో నా గీత గీసి, చేతులు దులుపుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

తర్వాతి వారం టైల్స్ వేసే ఆయన వచ్చాడు. ఆయన దగ్గర గుప్పెడంత పెట్టె ఒకటి ఉంది. మీట నొక్కితే గోడల మీద చుట్టూ, తలుపుల గుండా గదుల్లోకి కూడా, పచ్చటి వెలుగు గీత పడుతుంది. గచ్చు పని మొదలుపెట్టే ముందు పాత గీతలు సరిగా ఉన్నాయో లేదో చూసుకుంటానన్నాడు. పక్క ప్లాటు రైతు కూడా ఆ మిషన్ చూద్దామని లోపలికి వచ్చాడు. మేస్త్రీ, ఆమె మా వెనక నిలబడ్డారు.

హాల్లో పచ్చ గీత ఆమె పెన్సిల్ గీత మీద పడి రెండూ ఒకటైపోయాయి. పడక గదిలో అంతే. రెండో గదిలోనూ అంతే. టైల్స్ ఆయన ఈల వేశాడు.

“పైపుతోనే తీసిన్రా గిది? కమాల్ ఉన్నది.”

వంటింట్లోకి పోయాక ఈల ఆగిపోయింది. “గిదేంది? గిక్కడ తేడా ఉన్నది.”

రైతు ముందుకు వంగి చూశాడు. “అవ్. వేలు మందం ఉన్నది. ఏంది మేస్త్రీ, గిట్లనేనా నా ఇల్లు గట్టేది?”

నేను నోరు తెరిచేలోపే మేస్త్రీ ముందుకు వచ్చాడు.

“నాదే తప్పు పటేలా. గా గీత నేనే తీసిన. ఆమెకు ఎరుక లేదు.”

ఆమె పొరపాటు చేసిందనుకున్నాడు ఆయన. దాన్ని తన నెత్తిన వేసుకుంటున్నాడు. ఆ మాటతో చేతికి వచ్చిన ఇల్లు పోతుందని, పేరు పోతుందని తెలిసే అంటున్నాడు. ఆమె చేతిలోని తట్ట కింద పడేసింది.

“నువ్వెట్ల తీస్తవ్? నీకు నీళ్ళు కనవడ్తయా?” అని ఆయన మీద అరిచి, రైతు వైపు తిరిగింది. “ఈయనకు కండ్లు మసకలు పటేలా. ఏడాదిన్నర సంది లెవల్ నేనే తీస్తున్న. తప్పయితే నాది. ఆయన పేరు తియ్యకు.”

ఏడాదిన్నర గుట్టుగా కాపాడుకున్న మాటను, ఆయన మీద నింద పడుతుంటే ఓర్వలేక ఆమె తన నోటితోనే బయటపెట్టింది. ఇంక నేను ఊరుకుంటే మనిషిని కాను.

“మీ ఇద్దరిది కాదు తప్పు,” అన్నాను. “గా గీత నాది. శుక్రవారం మీరు లేనప్పుడు ఆమె గీత తుడిసి నేను గీసిన.”

క్లాసులో ఎవరైనా ఇట్లాంటి పని చేస్తే బెంచీ ఎక్కించేదాన్ని. ఆమె నన్ను తిట్టలేదు. పైపు తెచ్చి ఒక్కటే అడిగింది.

“బుడగలు పోయిందాక నీళ్ళు ఇడిసినవా మేడం?”

“బుడగలా? డ్రమ్ముల ముంచి నింపిన, గంతే.”

ఆమె పైపును నేను చెప్పినట్టే డ్రమ్ములో ముంచి నింపి, వెలుతురుకు ఎత్తి చూపించింది. నడుమ శనగగింజంత గాలి బుడగ ఇరుక్కుని ఉంది. అది ఉంటే రెండు చివరల నీళ్ళు ఒక్క తీరుగా నిలబడవని చెప్పింది. ఒక చివర బకెట్లో ఉంచి, రెండో చివర నుంచి నీళ్ళు కారనిచ్చి, పైపును గోటితో కొట్టుకుంటూ బుడగలన్నిటినీ బయటికి తరిమింది. తర్వాత ఒక చివర ఆయన చేతికిచ్చి హాల్లోకి పోయింది. “జర పైకి... ఆగు.” వచ్చి గీత గీసింది. పచ్చ వెలుగు ఆ గీత మీదే ఉంది, వెంట్రుకంత కూడా తేడా లేదు.

టైల్స్ ఆయన తన పెట్టెను, ఆమెను మార్చి మార్చి చూశాడు. మేస్త్రీకి ఆ గీత కనపడదు. అయినా టైల్స్ ఆయన మళ్ళీ వేసిన ఈలను బట్టి తెలిసినట్టుంది, ముఖం వెలిగిపోయింది. నాకు ఏడుపు ఆగలేదు. అంత పనితనాన్ని, ఒకరి కోసం ఒకరు అంత తెగించడాన్ని నేను అంతకు ముందు చూడలేదు.

రైతు వంగి ఆ కొత్త గీతను వేలితో తడిమి చూశాడు. వెళ్ళిపోతాడనే అనుకున్నాను. చివరికి మేస్త్రీతో, “సరే, వచ్చే నెల నా ఇంటికి ముగ్గు పొయ్యి. పునాది తీద్దాం” అన్నాడు.

“నన్నడుగకు పటేలా,” అన్నాడు మేస్త్రీ. “ఇగ మేస్త్రీ ఆమెనే. ఆమెనడుగు. నేను ఎన్క ఉంట.”

ఎనిమిది నెలలుగా రోజూ వస్తున్నా రైతు ఆమెతో ఒక్కసారి కూడా మాట్లాడి ఎరగడు. భుజం మీది తువ్వాలు సర్దుకుని, ఆమె వైపు తిరిగాడు.

“ఏం చెల్లే, వస్తవా మరి?”

ఆమె చెంగుతో చేతులు తుడుచుకుంది.

“వస్త పటేలా. మేస్త్రీ కూలి ఇస్తవా, ఆడకూలి ఇస్తవా?”

నేను తల దించుకున్నాను. ఆమె అడిగింది రైతునే. కానీ ఆ ఎనిమిది నెలలూ ఆమె చేతిలో ఆడకూలి పెట్టింది నేను.