అక్క తల ఫోటో

తెనాలిలో ఎక్స్‌రేని ఎవరూ ఎక్స్‌రే అనేవారు కాదు. ఫోటో అనేవారు. "బాబూ, మా ఆయన ఛాతీ ఫోటో అయిందా?" "అయ్యా, మా పిల్లాడి చెయ్యి ఫోటో ఎలా వచ్చిందండీ?" ఎనభైల్లో నేను ఒక ప్రైవేటు నర్సింగ్‌హోములో ఆ ఫోటోలు తీసేవాణ్ణి. చీకటి గదిలో మందునీళ్ళలో కడిగి, ఆరబెట్టి, కిటికీలోంచి చేతికివ్వడం నా పని. అందులో ఏముందో చెప్పడం డాక్టరుగారి పని. కానీ జనం కదిలితేగా! కిటికీ ఊచలు పట్టుకుని నా మొహంలోకి చూస్తూ నిలబడేవారు. "నువ్వు చూశావుగా బాబూ, ఒక్క మాట చెప్పు" అనేవారు. నాకసలే ముక్కు మీద కోపం. రెండుసార్లు విసుక్కుని, మూడోసారికి "ఏం లేదు, వెళ్ళండి" అనేసేవాణ్ణి. వాళ్ళ మొహాలు వికసించేవి. వెళుతూ వెళుతూ నాకు దణ్ణం పెట్టేవారు. మొదట్లో సిగ్గేసేది. తరవాత్తరవాత ఆ దణ్ణాలకి అలవాటు పడ్డాను. అది ముందే ఒప్పుకోవాలి.

అక్క నాకన్నా పదకొండేళ్ళు పెద్దది. అమ్మ పోయాక నన్ను పెంచింది తనే. రేపల్లెలో మిషన్ స్కూల్లో టీచరు. బావగారు కాలువల ఆఫీసులో గుమాస్తా. వాళ్ళకి పిల్లల్లేరు. నన్ను గుంటూరు పంపి ఎక్స్‌రే కోర్సు చదివించింది కూడా అక్కే. నాకు ఉద్యోగం వచ్చిన రోజు నుంచి రేపల్లెలో ఆవిణ్ణి పట్టడం ఎవరి తరమూ కాలేదు. "మా తమ్ముడు తెనాలిలో డాక్టరుగారి పక్కనే ఉంటాడు" అని మొదలుపెట్టి, రెండేళ్ళు తిరిగేసరికి ఆ "పక్కనే" కూడా ఎగరగొట్టేసింది.

"అక్కా, నేను ఫోటోలు తీసేవాణ్ణి. నలుగురిలో నా పరువు తీయకు" అంటే, "నోర్ముయ్‌రా. నువ్వు చూపిస్తేగా ఆ డాక్టరుకైనా తెలిసేది!" అనేది.

ఒక ఫిబ్రవరిలో, క్లాసులో బోర్డు మీద లెక్క వేస్తుంటే అక్క చేతిలో సుద్దముక్క జారిపోయింది. బల్ల పట్టుకుని అలాగే కూలబడిందట. తలలో రోకలితో ఒక్కటి వేసినట్టయిందని తరవాత నాతో చెప్పింది. ఆ పూటంతా వాంతులు. మెడ ముందుకు వంగలేదు. వీధి చివర ప్రాక్టీసు పెట్టుకున్న వైద్యుడు రెండు ఇంజక్షన్లు పొడిచి, పైత్యం అన్నాడు. ఐదో రోజుకి నొప్పి కాస్త నెమ్మదించింది. బావగారు తోడొస్తానంటే, "తమ్ముడి దగ్గరికేగా, దారి తెలియదా నాకు" అని ఒక్కతే పొద్దున రైలెక్కి తెనాలి వచ్చేసింది.

ఆ రోజు మా డాక్టరుగారు ఊళ్ళో లేరు, ఏదో పెళ్ళికి వెళ్ళారు. అక్కని చూసి నేను కంగారుపడ్డాను. మొహం పీక్కుపోయి ఉంది. కంగారు నాకు కోపంగానే బయటికొస్తుంది.

"ఐదు రోజులు ఏం చేస్తున్నారు ఇంట్లో? ఒక్క కబురు పెట్టడానికి మీకు చేతుల్లేవా?"

"అరవకురా, తల పగిలిపోతోంది. ముందు ఫోటో తియ్యి."

రెండు ఫిల్ములు తీశాను. ఒకటి ఎదురుగా, ఒకటి పక్కనుంచి. ఎవరికీ తీయనంత జాగ్రత్తగా తీశాను. అక్క తల కదలకుండా రెండు వైపులా ఇసుక సంచులు పెట్టాను. కడిగి చూస్తే బ్రహ్మాండంగా వచ్చాయి. పుర్రె మీద గీత లేదు, మచ్చ లేదు. తడి ఫిల్ము వెలుగుకి ఎత్తి పట్టుకుని చూస్తుంటే, అక్క నా వెనక నిలబడి అచ్చం ఆ కిటికీ దగ్గరి జనంలాగే నా మొహంలోకి చూస్తోంది.

"ఏంట్రా?" అంది.

"ఏం లేదక్కా. శుభ్రంగా ఉంది" అన్నాను.

అక్క కళ్ళు మూసుకుని "దేవా, స్తోత్రం" అంది. హోటల్నుంచి ఇడ్లీ తెప్పిస్తే రెండు తింది. మధ్యాహ్నం బండికి ఒక ఫిల్ము పట్టుకుని వెళ్ళిపోయింది. రెండోది నా దగ్గరే ఉంది.

మర్నాడు దాన్ని డాక్టరుగారికి చూపించాను. ఆయన ఒక్క క్షణం చూసి ఇచ్చేశారు. "ఎముక బాగానే ఉందోయ్. కానీ లోపలి సంగతి దీంట్లో ఏం తెలుస్తుంది? అంత హఠాత్తుగా వచ్చిందంటున్నావు, గుంటూరులో స్కాన్ మిషను పెట్టారుగా, ఓసారి తీయించు" అన్నారు. అలాగేనండి అన్నాను. ఆయన చెప్పింది నాకు తెలియని విషయమేమీ కాదు. ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తుంది, రక్తనాళం కనిపించదు. కోర్సులో మొదటి నెలలోనే చెప్పారు. ఆదివారం రేపల్లె వెళ్ళి అక్కతో మెల్లగా చెబుదాం అనుకున్నాను.

ఈలోగా అక్క నుంచి కార్డు వచ్చింది. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టుకున్నాం, తప్పకుండా రా అని.

మా లూథరన్ కుటుంబాల్లో జబ్బు నయమైతే పదిమందినీ పిలిచి, దేవుడు చేసిన మేలు సాక్ష్యంగా చెప్పుకోవడం ఉంది. నేను వెళ్ళేసరికి వాకిట్లో చాపలు పరిచి ఉన్నాయి. గుడికొచ్చిన వాళ్ళలో సగంమంది అక్కడే ఉన్నారు. మేం అయ్యగారు అని పిలుచుకునే పాస్టరుగారు ప్రార్థన చేసి, "అమ్మా, మీ సాక్ష్యం చెప్పండి" అన్నారు. అక్క లేచింది. పట్టుచీర కట్టుకుంది. కొంగుచాటు నుంచి ఆ ఫిల్ము తీసి ఎండకి ఎత్తి పట్టుకుంది.

"ఇదిగో చూడండి, ఇది నా తల. చచ్చిపోతాననుకున్నాను. దేవుడు ఏ కీడూ రానివ్వలేదు. అమ్మ లేని నా తమ్ముణ్ణి వాడుకుని, నా తలలో ఏమీ లేదని నాకు తెలియజేశాడు."

అందరూ స్తోత్రం అన్నారు. అందరూ నా వైపు తిరిగారు. ఆ ఫిల్ము చేతులు మారుతూ చాపలన్నీ తిరిగింది. చూడ్డం తెలియనివాళ్ళు కూడా తలకిందులుగా పట్టుకుని మరీ చూసి తలూపారు. లేచి ఒక్క ముక్క చెప్పి ఉండాల్సింది. గుంటూరు వెళ్ళాలక్కా అని ఒక్క ముక్క. వాకిట్లో కాకపోతే వంటింట్లో చెప్పచ్చు, రైలెక్కేముందు చెప్పచ్చు. కానీ భోజనాల దగ్గర ముసలమ్మలు నా చుట్టూ చేరి మోకాళ్ళ గురించి, నడుముల గురించి అడుగుతున్నారు. అక్క వాళ్ళ వెనక నిలబడి ముసిముసిగా నవ్వుతోంది. తల్నొప్పి కూడా తగ్గిపోయింది కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. చేతకాని వెధవని. నోరున్నది విసుక్కోడానికే గాని, అవసరమైన చోట పెగల్లేదు.

మూడు వారాలు గడిచాయి. ఒక గురువారం పొద్దున పదకొండింటికి నర్సింగ్‌హోము ముందు కారు ఆగింది. వెనక సీట్లో అక్క తల బావగారి ఒళ్ళో ఉంది. స్కూల్లో ప్రార్థన జరుగుతుంటే పడిపోయిందట. పిలిస్తే మూలుగుతోంది తప్ప మాట లేదు. ఎడమ కన్ను రెప్ప పూర్తిగా వాలిపోయి ఉంది.

"ఈ కన్ను ఎప్పట్నుంచి ఇలా ఉంది బావగారూ?"

"ఆదివారం నుంచి. సోమవారం బాపట్లలో కళ్ళ డాక్టరుగారికి చూపించాం."

"ఏమన్నారు?"

"మందిచ్చారు" అని ఆయన మొహం అటు తిప్పుకున్నారు.

మా డాక్టరుగారు కారు దగ్గరికే వచ్చి చూసి, దింపనివ్వలేదు. అదే కారులో గుంటూరు పొమ్మన్నారు. అక్కడ స్కాన్ తీసేవాడు నాలాంటివాడే. నేనూ ఆ పనివాణ్ణేనని తెలిసి, తెర ముందు తన పక్కన కూర్చోనిచ్చాడు. నిమ్మకాయని అడ్డంగా కోసినట్టు అక్క తల ఒక్కో పొరా తెర మీద వస్తోంది. నల్లగా ఉండాల్సిన సందులన్నీ తెల్లగా ఉన్నాయి. ఆ తెలుపంతా రక్తమని అతను చెప్పకుండానే నాకు తెలిసింది.

అక్కడి డాక్టరుగారు ఓపిగ్గానే చెప్పారు. తలలో ఒక రక్తనాళం గోడ పలచబడి, సైకిలు ట్యూబు మీద బుడగ లేచినట్టు లేచిందట. ఫిబ్రవరిలో వచ్చిన నొప్పి, అది మొదటిసారి కాస్త చిరిగి కారడమేనట. నాళంలోకి రంగుమందు ఎక్కించి ఫోటో తీస్తే ఆ బుడగ ఎక్కడుందో తెలుస్తుందట. దాని పేరు యాంజియోగ్రామ్. మద్రాసు వెళ్ళాలి. "అప్పుడే వెళ్ళి ఉంటే ఆపరేషన్ చేసి ఆ బుడగ మొదట్లో క్లిప్పు పెట్టి బిగించేసేవారు. ఇప్పుడు ఈవిడ ప్రయాణం తట్టుకోలేదు" అన్నారు. మూడో రోజు మధ్యాహ్నం అక్క పోయింది. నాకు ముప్ఫై ఏళ్ళు కూడా లేవు. ఆస్పత్రి వరండాలో చిన్నపిల్లాడిలా నేలమీద పడి ఏడ్చాను.

రేపల్లెలో సమాధి చేసిన రోజు వచ్చినవాళ్ళందరికీ బావగారు ఒకటే చెప్పారు. "బావమరిది చెయ్యాల్సిందంతా చేశాడండి. అప్పుడు ఫోటోలో ఏమీ లేదు. ఆ తరవాతే పుట్టింది మాయదారి జబ్బు." నేను ఆయన పక్కనే నిలబడి విన్నాను. కాదనలేదు.

ఆ తరవాత కిటికీ దగ్గర ఎవరడిగినా "నాకు తెలీదు, డాక్టరుగారినడగండి" అనేవాణ్ణి. ఏడ్చినా, కాళ్ళు పట్టుకున్నా అదే మాట. వీడొట్టి దుర్మార్గుడని నా వెనక తిట్టుకునేవారు. తిట్టుకోనీ అనుకున్నాను. గుంటూరులో నాకు తెలిసిన ఆ స్కాన్ కుర్రాడి దగ్గరికి సెలవు దొరికినప్పుడల్లా వెళ్ళి ఫిల్ములు చూడటం నేర్చుకున్నాను. రెప్ప వాలడం, మెడ పట్టేయడం, హఠాత్తుగా తల పగిలేంత నొప్పి, ఇవన్నీ కలిస్తే ఏమిటో ఆలస్యంగానైనా తెలుసుకున్నాను.

తొంభైల్లో ఒకరోజు పెనుమూడి నుంచి ఒక రైతు తన భార్యని తీసుకొచ్చాడు. తల ఫోటో కావాలన్నాడు. ఆవిడ కుడి కన్ను మూసుకుపోయి ఉంది. నేను ఫోటో తీయనన్నాను. అతను వాదించాడు. నేను రెచ్చిపోయాను. "ఇది ఫోటోకి దొరికే జబ్బు కాదయ్యా! ఆవిణ్ణి చంపుకుంటావా?" అని అరిచి, డాక్టరుగారిని బయటికి లాక్కొచ్చి చీటీ రాయించి, వాళ్ళని కారెక్కించాను. రెండు నెలల తరవాత ఆవిడ తల మీద కొత్తగా మొలుస్తున్న జుట్టుతో, భర్తతో కలిసి వచ్చింది. మద్రాసులో ఆపరేషన్ అయిందట. అరటిపళ్ళ హస్తం నా ముందు పెట్టి ఇద్దరూ దణ్ణం పెట్టారు. నేను అక్కడ నిలబడలేక చీకటి గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాను.

మర్నాడు పొద్దున్నే బాపట్ల బస్సెక్కాను. రిటైరయ్యాక బావగారు అక్కడ తన చెల్లెలి ఇంటి పక్క వాటాలో ఉంటున్నారు. వరండాలో కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. నేను చెప్పులు కూడా విప్పకుండా మొదలుపెట్టాను. ఎక్స్‌రేలో అది కనపడదని నాకప్పుడే తెలుసని చెప్పాను. మర్నాడే డాక్టరుగారు స్కాన్ తీయించమన్నారని చెప్పాను. కూడికలో అందరి ముందూ నా గొప్ప పోతుందని నోరు మూసుకున్నానని చెప్పాను.

"అక్కని నేనే చంపాను బావగారూ."

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు.

"ఫోటోలో కనపడదని నాకూ తెలుసోయ్" అన్నారు. "మీ అక్కకీ తెలుసు."

నాకు అర్థం కాలేదు.

"ఆ కళ్ళ డాక్టరుగారు లైటేసి చూసి, ఇది కంటి జబ్బు కాదమ్మా, తలలో నాళం ఉబ్బి కంటి నరాన్ని నొక్కుతోంది, రేపే మద్రాసు వెళ్ళండి అన్నారు. మీ అక్క సంచీలోంచి నువ్వు తీసిన ఫోటో తీసి ఇచ్చింది. ఆయనకి కోపమొచ్చింది. దీంట్లో ఎముక తప్ప ఏం కనపడదు, ఇది చూసి ఏమీ లేదని చెప్పిన మొనగాడెవరు అన్నారు. ఊరంతా నీ గొప్పలు చెప్పుకునే మనిషి, అక్కడ నీ ఊసెత్తలేదు. ఎవరో చెప్పారండి అంది."

నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను.

"తిరిగొస్తుంటే చెరుకుపల్లిలో బస్సాగింది. రాత్రికే మద్రాసు బండెక్కుదాం అన్నాను. వద్దంది. 'మొన్నేగా సాక్ష్యం చెప్పాను. ఇప్పుడు మద్రాసు వెళితే అందరూ తమ్ముడికి పని రాదంటారు. నలుగురిలో వాడు తలెత్తుకోలేడు. పరీక్షలయ్యాక సెలవుల్లో వెళ్దాం, అప్పటికి జనం మర్చిపోతారు' అంది. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకుంది. నేనైనా చెంపమీద ఒక్కటిచ్చి తీసుకెళ్ళాల్సింది. వినేశాను. అందుకే ఇన్నేళ్ళూ నీ మొహం చూసినప్పుడల్లా నాకూ భయమే."

నేను అక్కడే మెట్టు మీద కూలబడ్డాను. ఆయన వచ్చి నా పక్కన కూర్చున్నారు. ఇద్దరం ఏడ్చాం. అరవై దాటిన ఆయన, నలభైకి దగ్గరపడ్డ నేను, రోడ్డున పోయేవాళ్ళు చూస్తున్నారన్న ఇది కూడా లేకుండా ఏడ్చాం. ఎంతోసేపటికి, ఎందుకడిగానో తెలియదు, "పరీక్షలు ఎప్పట్నుంచి బావగారూ?" అన్నాను.

"ఆవిణ్ణి సమాధి చేశాక వచ్చిన సోమవారం నుంచి" అన్నారు.