మైకక్క మీద కేసు

వీధిలో అందరూ ఆమెను మైకక్క అంటారు. తండ్రి పోయాక మైకుసెట్టు దుకాణం ఆమె చేతికొచ్చింది. పెళ్లికైనా, చావుకైనా, సమ్మెకైనా అద్దె ఒకటే. చెప్పే మాటా ఒకటే: "వానకు తడవనివ్వకండి."

ఆసుపత్రిలో ఊడ్చేవాళ్లు జీతాల కోసం సభ పెట్టుకున్న రోజున పోలీసులు ఆమె స్పీకర్లను వ్యానులోకి విసిరేశారు. స్టేషను చుట్టూ కాళ్లరిగేలా తిరిగాక పగిలినవి చేతికిచ్చారు. ఆ మంట చల్లారకముందే కొత్త బిల్లు వచ్చింది. అనుమతి లేకుండా నలుగురు కూడి మాట్లాడితే జైలు. వాళ్లకు మైకు, కుర్చీలు, టెంటు అద్దెకిచ్చినవాళ్లకూ జైలే.

పౌరహక్కుల సంఘం వకీలమ్మ దుకాణానికొచ్చింది. శాసనసభ కమిటీ జనం అభిప్రాయం వింటోందని చెప్పి, "మీరొచ్చి మాట్లాడతారా?" అని అడిగింది.

స్పీకర్ విప్పుతున్న తమ్ముడు తలెత్తలేదు. "మనకెందుకక్కా? ఉన్న తలనొప్పులు చాలవా?"

"నొప్పి మన తలకే కదరా. మనమే చెప్పుకోవాలి."

కమిటీ గదిలో ఆమె మాట్లాడుతుంటే ఒక సభ్యుడు ఫోను చూసుకున్నాడు, ఇంకొకాయన ఆవలించాడు. అధ్యక్షుడు నవ్వుతూ అడిగాడు. "ఇదంతా నీకెవరు నేర్పారమ్మా?"

ఆమెకు ఒళ్లు మండిపోయింది. "నా సరుకు నా కళ్లముందే పగలగొట్టారు సార్. నేర్పింది మీవాళ్లే."

చివరికి అద్దెకిచ్చేవాళ్ల ఊసు బిల్లులోంచి తీసేశారు. మిగతాదంతా అలాగే ఉంచి మూజువాణి ఓటుతో గట్టెక్కించారు. తమ్ముడు మిఠాయి పొట్లంతో వచ్చాడు. "గెలిచామక్కా. ఇక మన జోలికి రారు."

ఆమె పొట్లం ముట్టలేదు. "నా నోరు తీపి చేసి ఊడ్చేవాళ్ల నోటికి తాళం వేశారు. ఇది గెలుపా? నన్ను కొనేశామనుకుంటున్నారు."

చట్టం వచ్చాక అనుమతి అడిగినా దొరకక, ఊడ్చేవాళ్లు ఆసుపత్రి గేటు ముందే కూడారు. మైకక్క సెట్టు పంపి ఊరుకోలేదు. తానే వెళ్లి వైర్లు బిగించి, వాళ్ల నాయకురాలిని అడిగి మైకు తీసుకుంది. ఇన్నేళ్లలో ఆమె మైకులో అన్నది "హలో, మైక్ టెస్టింగ్" ఒక్కటే.

"సార్లకు మా గోల వినబడటం లేదంట. సౌండు పెంచాను, వినండి."

వ్యాను దిగిన ఎస్సై ఆమెను గుర్తుపట్టాడు. "అద్దెకిచ్చినవాళ్ల మీద కేసు లేదు. పక్కకు జరుగు."

"అద్దెకివ్వడానికి రాలేదు. మాట్లాడటానికొచ్చాను, రాసుకోండి."

వారం పైనే లోపల ఉంచారు. వకీలమ్మ బెయిలు తెచ్చింది. చట్టాన్నే కొట్టేయాలని కోర్టులో వేసిన పిటిషనులో మొదటి పేరు ఇప్పుడు మైకక్కదే. వాయిదా పడ్డ ప్రతిసారీ ఆమె కోపం ఇంకాస్త పెరుగుతోంది. ఆమె కోర్టుకెళ్లిన రోజుల్లో దుకాణం చూసేది తమ్ముడే. ఏ సంఘంవాళ్లు సభకు సెట్టు అడిగినా అతను వద్దనడం లేదు. గొణుక్కుంటూనే వైర్లు చుట్టి ఇస్తాడు.