పావియా నమ్మిన బురదనీళ్ళు

మా ఊళ్ళో మంచు కింద గాలాల తాడు పరిచే పద్ధతి మొదలుపెట్టింది నేను. గడ్డకట్టిన సముద్రం మీది మంచుకు కన్నం చేసి, తాడు కొసకు ఇనపరేకు కట్టి దించితే, ప్రవాహం ఆ రేకును దూరంగా లాక్కుపోతుంది; వెనకే గాలాలన్నీ సముద్రం అడుగున పరుచుకుంటాయి. గ్రీన్‌లాండ్ పడమటి తీరమంతా ఇప్పుడు చేసేదే, కానీ ఇక్కడ ముందు చేసింది ఈ ఎనోక్ అని అందరూ ఒప్పుకుంటారు. ఊరిపెద్దగా వరసగా నన్నే ఎన్నుకున్నారు. చేపల కొట్టు తెప్పించింది నేనే, చర్చికి కొత్త గంట వచ్చిందీ నా హయాంలోనే. ఊరి బడిలో నేర్చిన నాలుగక్షరాలతోనే ఇవన్నీ చేశాను. నా భార్య తమ్ముడు పావియా నా దగ్గర పని నేర్చినవాడు, నాకేమీ తీసిపోనివాడు. అతని గురించి రాసేవాళ్ళు లేరు కనక నేను రాస్తున్నాను.

పావియా తల్లి బిబియానె ఒక చలికాలంలో పోయింది. ఆ తర్వాత ఊళ్ళో మొదట పుట్టిన పిల్లకు, పక్కింటివాళ్ళ కూతురికి, ఆవిడ పేరు పెట్టారు. పేరుతో మనిషీ వస్తుందని మా లెక్క. పొత్తిళ్ళలో ఉన్న పసిపిల్లను పావియా "అమ్మా" అని పిలిచాడు. తను కొట్టిన సీల్ కాలేజంలో మొదటి ముక్క ఆ పిల్లకే. అది నడక నేర్చిందో లేదో, "కొడుకా, బూట్లు దులుపుకుని రా" అని గదమాయించేది. ఇతను నవ్వుతూ దులుపుకునేవాడు.

కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ ఒడ్డున మా ఊరు. ఆ పాయ చివర మంచునది సముద్రంలోకి దిగేది. దాని మొహం దగ్గర నీళ్ళు బురద రంగులో కుతకుత ఉడికేవి. పైన తెల్లగా పక్షులు, మధ్యలో సీల్ తలకాయలు, అడుగున హాలిబట్ చేపలు. తాడుకు బరువుగా కట్టిన రాయి పైకొస్తే పచ్చటి జిగురు పట్టుకుని ఉండేది. బురద ఉన్నచోట తిండి ఉంటుందని మా తాతల నుంచీ మాకు తెలుసు.

తర్వాత మంచునది కరిగి వెనక్కి తగ్గి నేలమీదికి పోయింది. బురద మాత్రం పోలేదు. పాయ మొత్తం కమ్ముకుంది.

"చూశావా బావా, ఇంత చిక్కటి నీళ్ళు ఎప్పుడన్నా చూశామా? ఇక చేపలు మొయ్యలేక చావాలి!" అన్నాడు పావియా.

మొయ్యాల్సిన పని రాలేదు. గాలాలు ఎర ఎరగానే పైకొచ్చాయి. రాయికి బూడిదరంగు బంకమట్టి. పక్షులు రావడం మానేశాయి. చేపల్లేక కొట్టు మూతబడింది. కుర్రకారంతా పట్నం పోయారు. పావియా కూతురు సోరినా దక్షిణాన ఉంటుంది. వచ్చెయ్యమని ఫోన్లు చేసేది. ఇతను కదల్లేదు. అటువైపు మంచుబండి లాగే మా కుక్కల్ని రానివ్వరు, చట్టం. వెళ్ళాలంటే కుక్కల్ని వదులుకోవాలి.

"నీళ్ళు చిక్కగానే ఉన్నాయిగా బావా. చేప దారి తప్పిందంతే, వస్తుంది" అనేవాడు.

పక్కింటి బిబియానె పెరిగి పెద్ద చదువు చదివి, ఒక వేసవిలో పరిశోధన పడవలో వచ్చింది. పైనుంచి అడుక్కు రాలే నలుసుల్ని పట్టడానికి నీళ్ళలో, అడుగున సీసాలున్న గొట్టాలు వేలాడదీసింది. వాటిని పైకి తీసిన రోజు నేనూ పావియా ఒడ్డునే ఉన్నాం.

"ఏం పడిందమ్మా సీసాలో? పులుసుకు సరిపోతుందా?" అన్నాడు పావియా.

"నీ పళ్ళకు సరిపోతుందిలే కొడుకా, నమలక్కర్లేదు" అని సీసా చేతికిచ్చింది. అడుగున బూడిదరంగు మడ్డి. "ఒట్టి రాతిపిండి. మంచు సముద్రంలో ఉన్నప్పుడు దాని కిందనుంచి నీళ్ళు తన్నుకొచ్చేవి, లోతున ఉన్న సారాన్ని పైకి తెచ్చేవి. ఆ సారంతో పైన పచ్చటి నాచు పెరిగేది, అది రాలితే అడుగువాటికి తిండి. ఇప్పుడు నీళ్ళు నేలమీదనుంచి పారి వస్తున్నాయి. సారం కిందే ఉండిపోతోంది. ఈ బురద వెలుతుర్ని ఆపేస్తోంది. పెరిగిన కాస్తా మట్టికి అంటుకుని మునిగిపోతోంది."

"మళ్ళీ ఎప్పటికి బాగవుతుంది?"

"నీ కాలంలో కాదు. నా కాలంలోనూ కాదు. ఇక్కడ ఇంకేం లేదు కొడుకా."

పావియా సీసా తిరిగిచ్చేశాడు. "సరే అమ్మా" అన్నాడు.

మర్నాడు పొద్దున అతను చేపలారేసే కొయ్యల్ని ఊడదీస్తున్నాడు. సంగతి తెలిసి బిబియానె పరుగెత్తుకొచ్చింది.

"నేను నీళ్ళ సంగతి చెప్పాను, ఊరొదిలి పొమ్మన్నానా?"

"చెప్పావుగా అమ్మా. ఇంకోసారి చెప్పించుకోవడం దేనికి?"

"ఒరేయ్, పక్క పాయకు పోదాం రమ్మని నేను ఎన్నేళ్ళుగా మొత్తుకుంటున్నాను! నా మాట మాటే కాదా?" అన్నాను.

"నువ్వు బావవి. ఆవిడ అమ్మ."

ఆ పిల్ల ఏడ్చేసింది. "పావియా మామా, నేను చదివింది చెప్పాను, అంతే. నేను మీ అమ్మను కాను."

ఆ నోట అతను తన పేరు వినడం అదే మొదలు. మొహం పాలిపోయింది. వంగి కొయ్యలు కట్టుకున్నాడు.

కుక్కల్ని తీసుకుంటామనేవాళ్ళు ఊళ్ళో ఎవరూ లేరు. కుక్కలున్నవాళ్ళకే మేపడానికి చేపల్లేవు; వదిలేస్తే ఆకలికి చస్తాయి. ఓడ వచ్చే రోజు పావియా వాటిని తీసుకుని పాయ మొదట్లో ఉన్న బండ మీదికి వెళ్ళాడు. నేనూ వెళ్ళాను. ముందు నడిచే కుక్క అతని తొడకు ఆనుకుని నిలబడింది. తుపాకి ఎత్తాడు, దించాడు.

"బావా, నావల్ల కాదు."

ఈ తీరంలో నా అంత గురి ఉన్నవాడు లేడు. తెల్ల ఎలుగుబంటిని ఒక్క గుండుతో పడగొట్టినవాణ్ణి. తుపాకి అందుకున్నాను. పావియా అటు తిరిగి, నీళ్ళవైపు చూస్తూ కూర్చున్నాడు. ఒక్క కుక్కకూ రెండో గుండు అవసరం కాలేదు. వాటి బండి పట్టీలు నేనే విప్పాను.

ఓడ కూత పెట్టింది. అతను లేచి, కుక్కల పట్టీలు నా చేతిలోంచి తీసుకుని, చుట్టచుట్టి సంచిలో పెట్టుకున్నాడు.