ముర్రుపాల పసుపు

మొయినాబాద్ దాటాక చలికాలం పొద్దున మంచు ఎంత చిక్కగా ఉంటుందంటే, కత్తితో కోసి చేవెళ్ల మార్కెట్లో తూకానికి అమ్ముకోవచ్చు. ఆ మంచులో తేలుతూ నేను పందుల నెత్తురు తీయడానికి వెళ్లేవాణ్ని. పశువుల డాక్టర్ని. పందుల పేగులకు పట్టే రోగాన్ని నెత్తురు చూసి చెప్పే కొత్త పరీక్ష ఒకటి చేతికొచ్చింది. అది నిజం చెబుతుందో, కోతలు కోస్తుందో తేల్చడం నా పని. కోతల సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుసు!

ఒక అవ్వ దొడ్డిలో రెండు తల్లిపందులు ఉండేవి. పెద్దది ఆర్టీసీ బస్సంత. నా చేతిలో సూది చూసి అది పెట్టిన కేకకు చిల్కూరు ఆటోలన్నీ పక్కకు జరిగి దారిచ్చాయి.

నెత్తురు మీద తేరిన తేటను ప్లేటులోని చిన్న గుంతల్లో పోసి మందు కలుపుతాం. ఒంట్లో రోగంతో పోరాడిన గుర్తులుంటే పసుపు తేలుతుంది. పెద్దపంది గుంత పసుపైంది. దాని పిల్లలవీ పసుపే. చిన్నపంది గుంత మాత్రం నీళ్లలా ఉంది, కానీ దాని పిల్లలవి పసుపు! బంతితోట మీద ఎండ పడ్డట్టు మెరుస్తున్న ఆ ప్లేటును కలలోలా చూస్తూ ఉండిపోయాను. అది చెడ్డ కబురని తర్వాత గుర్తొచ్చింది.

"గీ పెద్దదే అందరికీ అంటవెట్టింది సారూ," అన్నాడు అవ్వ కొడుకు. "ఐతారం బేరగాడొస్తడు. కోతకిచ్చేస్త."

"ముందుగాల నిన్నియ్యాలె, తిండి దండుగ!" అంది అవ్వ. పెద్దపంది వీపు మీద నుంచి చెయ్యి మాత్రం తీయలేదు.

"అన్నిటి పెంట కూడా పరీక్ష చేసిన, క్రిమి జాడ లేదు. మరి చిన్నదాని పిల్లల నెత్తుట్లోకి పసుపు ఎట్ల వచ్చింది అవ్వా?" అన్నాను.

"రెండూ ఒక్కనాడే ఈనినయ్ బిడ్డా. చిన్నదానికి పాలు రాలే. పిల్లల్ని దీని కాడ పండవెట్టి ముర్రుపాలు తాపిన. సంపుకోమంటవా?"

నా కళ్ల ముందు మంచు విడిపోయింది. పెద్దపంది ఎప్పుడో రోగంతో పోరాడి గెలిచింది. ఆ గుర్తులే ముర్రుపాలలో పిల్లలకు పోయి ఉంటాయి. అదే నిజమైతే, పాలు మాన్పాక పసుపు వెలిసిపోవాలి. రోగమైతే ముదరాలి. బేరగాణ్ని ఆపమని కొడుకును బతిమాలాను. గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు.

పిల్లలు పాలు మాని, దాణాకు బాగా అలవాటు పడ్డాక మళ్లీ నెత్తురు తీశాను. ప్లేటులో బంతితోట వాడిపోయింది. పిల్లల గుంతలన్నీ చెరువు నీళ్లలా తేటగా ఉన్నాయి. పెంటలో ఈసారీ క్రిమి లేదు.

"మరి నీ పరీచ్చ పాసా, ఫేలా?" అడిగింది అవ్వ.

"ఎదిగిన పందులు రోగంతో పోరాడిన సంగతి చెప్తది. పాలు తాగే పిల్లల దగ్గర మాత్రం ఫేలు."

"గదంత నాకెందుకు? నా పంది?"

"దానికి రోగం లేదవ్వా."

కొడుకు బేరగాడికి ఫోను కలిపి, దొడ్డి గోడ వైపు తిరిగి, మెల్లగా అన్నాడు: "అన్నా, ఆటో పంపకు. మా అవ్వ ఇయ్యదంట."