ఊరికే అనే మాట

పన్నెండేళ్లుగా ఒక మాట ఎవరికీ చెప్పకుండా దాచుకున్నాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. నా పేరు ముందున్న ‘డాక్టర్’లో సగం నాది కాదు.

కర్ణాటకలో, సముద్రం వాసన కూడా తగలని చింతామణిలో పుట్టి, చేపల రేవుల్లో ఆడవాళ్ల పని మీద పరిశోధన చేశాను. మాది కిరాణా అంగడి కుటుంబం, చేపల బుట్ట వీధిలో కనబడితేనే ముక్కు మూసుకునేవాళ్లం. నన్ను రేవుకు తీసుకెళ్లింది గంగమ్మ. బాగేపల్లి మనిషి. నెల్లూరు వైపు నుంచి ఎండుచేపలు తెచ్చి మా సంతలో అమ్మేది. బస్సులో కిటికీ సీటు నాకే ఇచ్చేది. నేను చేప తిననని రాగిముద్ద, శనక్కాయల పొడి మూటగట్టుకొచ్చేది. ఆమె లేకుంటే మొదటి రోజే వాంతి చేసుకుని ఇంటికి పారిపోయేదాన్ని.

రేవులో ఏం పని చేస్తారని ఎవరినడిగినా, “ఊరికే ఉన్నామమ్మా” అన్నారు. నా సర్వే ఫారం కన్నడంలో ఉండేది. ‘కెలస’ అన్న గడిలో, అంటే పని అన్నచోట, లేదన్నట్టు ‘ఇల్ల’ అని రాసుకుంటూ పోయాను. గంగమ్మ తొంగిచూసింది.

“ఇల్ల అని రాస్తాండావేమమ్మా?”

“వాళ్లే ఊరికే ఉండామంటాండారు గదక్కా.”

“నోరు గాదమ్మా, చేతులు చూడు. పొద్దున్నించీ ఏరతానే ఉండారు. మొగోళ్లకు తోడు చేసేదాన్నంతా ఊరికే అంటారు ఆడోళ్లు.”

చూశాను. నాతో మాట్లాడుతూనే నెత్తళ్లనే చిన్నచేపలు ఏరుతున్నారు, ఇసుక దులుపుతున్నారు. ఒక్క చెయ్యీ ఖాళీగా లేదు.

ఫారాలన్నీ చించి మళ్లీ మొదలుపెట్టాను. నా పరిశోధనంతా ఆ ‘ఊరికే’ మీదే నిలబడింది. అందులో ఏమని రాశానో తెలుసా? “నేను గమనించాను” అని. కృతజ్ఞతల పేజీలో గైడు నుంచి హాస్టల్ వంటామె దాకా అందరూ ఉన్నారు. గంగమ్మ లేదు. మరిచిపోయానా? లేదు. రాసి, కొట్టేశాను. ఎండుచేపలమ్మే ఆమె చెప్పిందంటే నా చదువు చులకనైపోతుందనుకున్నాను. “ఇది మీకెలా తట్టింది?” అని పరీక్షకుడు అడిగితే, వినయంగా నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది. ఆడవాళ్ల పని ఎవరి కంటికీ కనబడదని లోకాన్ని దులిపేసిన పుస్తకంలో గంగమ్మ పనిని కనబడకుండా చేసింది నేనే కదా?

ఇప్పుడు చిక్కబళ్లాపురంలో పాఠాలు చెబుతున్నాను. మొన్న సంతలో గంగమ్మ రెండు చేతులూ పట్టుకుని, నువ్వు లేకుంటే నేను లేనన్నాను. అంతవరకే అనగలిగాను. “నేనేం జేసినానమ్మా, ఊరికే తోడొచ్చినా” అంది. ఆ మాట మీద అన్ని పేజీలు రాసినదాన్ని, తల ఊపి వచ్చేశాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. గంగమ్మ చూసింది, నేను నాదని రాసుకున్నాను. ఈ ఒక్క వాక్యం రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. రాశాక గుండె కాస్త తేలికపడింది.