చాటలో వణికిన తంబాకు

ఒక మధ్యాహ్నం గని గేటు దగ్గరికి ఒకామె వచ్చి, మందు పెట్టేటాయన ఎవరని అడిగింది. మా పనిలో మందు అంటే పేలుడు మందు. ఆదిలాబాద్ వైపు ఉన్న ఆ సున్నపురాయి గనిలో, రాయికి వేసిన రంధ్రాల్లో మందు నింపించి, మనుషులందరినీ దూరం పంపించి, చివరికి మీట నొక్కేది నేనే. గేటు కాపలాదారు నన్ను పిలిపించాడు. ఇలా వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు సాధారణంగా కొట్లాటకే వస్తారు. ఇంటి రేకు మీద రాయి పడిందనో, బర్రె బెదిరి తాడు తెంపుకుపోయిందనో. నేను హెల్మెట్ చంకలో పెట్టుకుని, తిట్లు పడడానికి సిద్ధపడే వెళ్ళాను.

ఆమెకు యాభై దాటి ఉంటాయి. వేళ్ళ కొసలు ఎంత కడిగినా పోని తంబాకు రంగులో ఉన్నాయి. బీడీలు చుట్టే చేతులని చూడగానే తెలిసింది. నేను పుట్టి పెరిగిన చొప్పదండి దిక్కున అలాంటి చేతులు వాడకు పది కనిపిస్తాయి.

"నువ్వేనా తమ్మీ?"

"నేనేనక్కా. ఏమైంది?"

"ఏం కాలే. ఒక్కపారి మా ఇంట్ల కూసో, నువ్వు పేల్చేటప్పుడు."

"నేను పేల్చేటప్పుడు మీ ఇంట్ల ఎట్ల కూసుంట?"

"గదీ నిజమే," అంది. "ఇంకెవలన్న పేల్చరా, ఒక్క దినం?"

అంతకుమించి ఏమీ అడగలేదు. పైసలు కావాలనలేదు, పని ఆపమనలేదు. కమ్యూనిటీ హాలు వెనక రేకుల ఇల్లు తమదేనని చెప్పి వెళ్ళిపోయింది.

ఆ మాట నన్ను వదల్లేదు. మా బాపు ఊళ్ళల్లో బావులు తవ్వే కూలీ. బండ తగిలితే మందు తూటాలు పెట్టేవాడు. ఆదివారం చర్చికి పోయే ముందు మా అమ్మ, చప్పుళ్ళకు దిబ్బడేసిన ఆయన చెవుల్లో చుక్క నూనె వేసేది. ఆయన్ను చూసే నేను ఈ పనిలోకి వచ్చాను. పరీక్ష రాసి, సర్టిఫికెట్ తీసుకుని, పద్నాలుగేళ్ళు పేల్చాను. రాయి ఎలా లేస్తుందో, దుమ్ము ఏ రంగులో వస్తే లోపల పొర ఏమిటో చెప్పగలను. కానీ ఆ పద్నాలుగేళ్ళూ ప్రతి పేలుడప్పుడూ నేను ఒకే చోట ఉన్నాను, ఇనుప రేకుల గూటిలో, మీట పక్కన. అది జనానికి ఎలా చేరుతుందో ఒక్కసారి కూడా చూడలేదు.

మేనేజరుకు చెబితే వెళ్ళొద్దన్నాడు. వెళ్తే ఊరివాళ్ళు కూర్చోబెట్టి తాళం వేస్తారనీ, తర్వాత విడిపించుకోవడం తన వల్ల కాదనీ అన్నాడు. ఒక బుధవారం నేను సెలవు పెట్టి, రెండో బ్లాస్టరుకు పని అప్పగించి, చెప్పకుండానే వెళ్ళాను.

ఆమె నేల మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఒళ్ళో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, ఒక పక్కన తంబాకు పొడి. ఆమె భర్త ఆటో నడుపుతాడు. ఆ వేళకు అన్నానికి ఇంటికి వచ్చాడు. నాకు కుర్చీ వేయబోతే ఆమె వద్దంది.

"కుర్చీల కూసుంటె ఏం తెలుస్తది? కింద కూసోనీ."

కింద కూర్చున్నాను. ఆమె చుడుతూనే ఉంది. తన పుట్టిల్లు మెట్‌పల్లి అనీ, పెళ్ళయ్యి ఇక్కడికి వచ్చినప్పుడు ఇక్కడివాళ్ళ మాటలో సగం మరాఠీ ఉండి ఏడాది దాకా అర్థమే కాలేదనీ చెప్పింది. దూరంగా సైరన్ వినిపించింది. ఒకటి, రెండు, మూడు. ఆమె చేతులు ఆగాయి.

"గిప్పుడు చాట చూడు."

ముందు నేల కొట్టింది. కింద నుంచి ఎవరో రోకలితో ఒక పోటు పొడిచినట్టు, నా తొడల కింద. చాటలో తంబాకు పొడి వణికి, సన్నటి గీతలా ఒక పక్కకు జరిగింది. గూట్లో స్టీలు పళ్ళాలు ఒకదానికొకటి తగిలాయి. అదంతా అయిపోయి, రెండు లెక్కపెట్టేంత సేపటికి చప్పుడు వచ్చింది. నాకు బాగా తెలిసిన చప్పుడే, కానీ మెత్తగా, అరిగిపోయినట్టు ఉంది.

నా గూటిలో అన్నీ ఒక్కసారే వస్తాయి. చప్పుడే పేలుడని నేననుకున్నాను. ఇక్కడ పని ముగిసిపోయిన తర్వాత చప్పుడు వస్తోంది.

"చప్పుడుకు అలవాటు పడ్డం," అంది ఆమె. "సైరన్ కొట్టినంక గది వచ్చేదాంక ఒళ్ళు బిగవట్టుకుని కూసుంట సూడు, గదే నాకు పరేషాన్. ఒక్కోనాడు జరంతనే వస్తది. ఒక్కోనాడు గూట్లె గిన్నె కింద పడ్తది. ఎందుకట్ల?"

"మందు ఎక్కువ పెట్టిననాడు ఎక్కువ వస్తదక్కా."

"కాదు. చప్పుడు పెద్దగ వచ్చిననాడు గూడ గిన్నె కదల్లే," అని భర్త వైపు తిరిగింది. "గా దారాలు తీసుకరా."

ఆయన మేకుకు వేలాడుతున్న దారపు పోగులు తెచ్చాడు. బీడీలకు చుట్టే సన్నటి దారం. నెలకొక పోగు. పేలుడు జరిగిన ప్రతి రోజుకూ ఒక ముడి. మామూలుగా వస్తే ఒక్క ముడి, గిన్నెలు కదిలితే దాని మీదే ఇంకో ముడి. ఆదివారాలకు ఖాళీ. నాలుగు నెలల లెక్క ఉంది.

ఆ పోగులు నేను అడిగి తీసుకున్నాను. మా గదిలో మంచం మీద పరిచి, పేలుడు రిజిస్టరు పక్కన పెట్టుకుని, ఒక్కో ముడినీ ఒక్కో తేదీకి జత చేశాను. రెండు రోజులు పట్టింది. ఆమె మాటే నిజమైంది. నేను అన్నింటికన్నా ఎక్కువ మందు పెట్టిన రోజున ఆమె దారంలో ఒక్క ముడే ఉంది. చాలా తక్కువ పెట్టిన రోజుల్లో జంట ముడులున్నాయి. జంట ముడులు పడిన రోజుల్లో దాదాపు అన్నీ గని ఉత్తరపు మూలలో పేల్చినవే. వాన కురిసిన మరునాడు పేల్చినవి కొన్ని.

మళ్ళీ ఆమె ఇంటికి వెళ్ళాను. ఈసారి గోడలు చూశాను. రెండు పగుళ్ళున్నాయి. ఒకటి తలుపు పైనున్న దూలం దగ్గర, రెండోది కిటికీ మూల నుంచి కిందికి. నాకు పని నేర్పిన పెద్దాయన ఒకప్పుడు క్రషర్ గోడ మీద చేసిన ఉపాయం గుర్తొచ్చింది. ఫొటో ఫ్రేముల దుకాణంలో సన్నటి గాజు పట్టీలు కోయించి, పగులుకు అడ్డంగా పెట్టి రెండు కొసలా సిమెంటు అంటించాను. గోడ వెంట్రుకవాసి కదిలినా గాజు పగులుతుంది.

"పగిలిన రోజు చెప్పక్కా. అంతే."

"నువ్వు పేల్చినందుకే పగిలిందని తెలిస్తె ఏం జేస్తవ్?"

"నేనే అని చెప్తా."

కిటికీ మూల అంటించిన గాజు పట్టీ ముందు పగిలింది. ఎండలు ముదిరిన రోజుల్లో. ఆ వారమంతా గనిలో యంత్రం మరమ్మతుకని పని ఆగిపోయి ఉంది, ఒక్క పేలుడు కూడా లేదు. బయటికి వెళ్ళి గోడ పక్కన చూస్తే నల్లరేగడి నేల నా చెయ్యి దూరేంతగా నోరు తెరిచి ఉంది. నేల ఎండి కుంగితే దానితో పాటు గోడ కుంగింది.

ఆమె ఆ పగులును చూసి, భర్త వైపు తిరిగింది. "పునాది లోతు తియ్యమంటె తీసినవా?"

"మూడు ఫీట్లు తీసిన," అన్నాడాయన.

"ఏడ తీసినవ్? మోకాలి దాంక తీసి నడుం నొస్తుందన్నవ్."

ఆయన ఆటోలో ఏదో మరిచిపోయానని అటు వెళ్ళాడు. నాకు నవ్వొచ్చింది. నిజం చెప్పాలంటే తేలిగ్గా కూడా అనిపించింది. ఆ తేలిక నెలన్నర నిలిచింది.

తొలి వానలు పడ్డాక ఒక మధ్యాహ్నం ఉత్తరపు మూలలో నేనే పేల్చాను. దుమ్ము ఇంకా పూర్తిగా దిగకముందే ఫోన్ మోగింది.

"తలుపు మీది గాజు పలిగింది తమ్మీ. నా కండ్ల ముంగటనే."

సాయంత్రం వెళ్ళాను. గాజు రెండు ముక్కలై సిమెంటును పట్టుకుని ఉంది. ఊరికే ఎండకో వానకో పగిలిందని చెప్పి ఉంటే ఆమె నమ్మేదేమో తెలియదు. నాకు ఆ మాట నోటిదాకా రాకపోలేదు.

"ఇది నాదేనక్కా. ఉత్తరం మూలకు పేల్చిన," అన్నాను.

ఆమె కోపగించుకోలేదు. చాట పక్కన పెట్టి లేచి, ముక్కల్ని వేలితో తడిమింది. "అయితే గా మూలకేమున్నది?" అని అడిగింది.

నాకూ అదే తెలియాలి. మరునాడు దారాలూ రిజిస్టరూ పట్టుకుని మేనేజరు గదికి వెళ్ళాను. చెప్పకుండా ఆమె ఇంటికి వెళ్ళినందుకు మొదట గట్టిగానే అరిచాడు. తర్వాత అద్దాలు పెట్టుకుని ముడులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. లెక్కపెట్టేకొద్దీ మాట తగ్గింది. గని పటం బల్ల మీద పరిచాడు. ఉత్తరపు మూల నుంచి ఒకే గట్టి రాతి పొర, మధ్యలో ఎక్కడా తెగకుండా, ఊరి కిందికి పోతోంది. మిగతా వైపుల పాత తవ్వకాలు అడ్డం ఉన్నాయి. అక్కడ అదురు దారిలోనే ఆగిపోతుంది. ఇక్కడ నేరుగా ఆ ఇంటి కిందికి వెళ్తుంది.

అదురు కొలిచే మీటరు తెప్పించి ఆమె వాకిట్లో పెట్టారు. వచ్చిన అంకె నియమం లోపలే ఉందని మేనేజరు అన్నాడు. అయినా ఆ మూలలో ఒకేసారి పేల్చడం మాన్పించి, రంధ్రాల వరసలను విడగొట్టి, మధ్య వ్యవధి పెంచమన్నాడు. తలుపు దూలం బాగు చేయడానికి గని మేస్త్రీని పంపాడు. కిటికీ వైపు గోడకు ఆమె భర్త మరుసటి ఎండాకాలంలో నల్లమట్టి తీసి మొరం నింపాడు. ఈసారి లోతు ఎంత తీశాడో ఆమె దగ్గరుండి చూసుకుంది.

వరసలు విడగొట్టాక పోగుల్లో జంట ముడులు తగ్గాయి. మాయమవలేదు. వాన మరునాటివి ఒకటీ అరా పడుతూనే ఉన్నాయి. నేల తడిస్తే అదురు ఎక్కువ దూరం పోతుందని మేనేజరు అన్నాడు గానీ, ఎంత తడిస్తే ఎంత అన్నది ఆయనకూ సరిగ్గా తెలియదు. కొన్నాళ్ళకు ఆమె ముడులు వేయడం మానేసింది. ఎందుకక్కా అంటే, "తెలిసింది గదా, ఇంకెందుకు," అంది.

నిరుడు నేను ఇంటికి దగ్గరగా ఉంటుందని చొప్పదండి దిక్కున ఒక గ్రానైట్ క్వారీకి మారాను. ఇక్కడ పని వేరు. రాయిని ముక్కలు చేయకూడదు, పెద్ద దిమ్మగా విడదీయాలి. మందు తక్కువ, ఓపిక ఎక్కువ. చేరిన పది రోజులకు ఆమె ఫోన్ చేసింది.

"గాడ రాయి ఎట్లున్నది?"

"నల్లగుందక్కా, బాగ గట్టిది. చప్పుడు కూడ వేరే తీరుగ ఉంది."

"ఎవలింట్ల కూసున్నవ్?"

"ఇంకా కూసోలే," అన్నాను.

మరునాడు పని కాగానే క్వారీకి అన్నింటికన్నా దగ్గరగా ఉన్న ఇంటికి నడిచి వెళ్ళాను. తాళం వేసి ఉంది. నాట్లకు పోయిండ్రని పక్క పొలంలో ఉన్నాయన చెప్పాడు. ఎన్ని గంటలకు వస్తారో అడిగి తెలుసుకుని వచ్చాను.